ఏకశృంగి దాహం

ఊషరారణ్యంలో సూర్యోదయం ఎంత మనోహరమో తరంగిణీపురం ఆస్థానకవులు పుంఖానుపుంఖాలుగా వర్ణించారు. ఇసుకతిన్నెలు పసిడి అలలట. ఉప్పుబయళ్లు వెన్నెల పరిచిన వేదికలట. గాలి వీణ మీటుతుందట. ఆ కవుల్లో ఒక్కడైనా ఏరు దాటి అవతలి ఒడ్డున కాలుపెట్టిన పాపాన పోలేదు.

కాలుపెట్టిన రాజకుమారి శంపావతి మాత్రం ఆ ఉదయం ఒక ఇసుకదిబ్బ మీద నిలబడి, నోట్లో చేరిన ఇసుకను ఉమ్మేద్దామంటే తడి లేక, కవులందరినీ పేరుపేరునా తిట్టుకుంటోంది. జడను తలపాగా కింద దోపి, పైపెదవికి మేకవెంట్రుకల మీసం అంటించుకుని, శంపన్న అనే మామూలు భటుడిలా ఆమె ఈ దండులో చేరింది. ఆడపిల్లను ఎడారికి పంపితే రాజ్యం పరువు పోతుందని మంత్రులు తీర్మానించారు మరి! సింహాసనం మీద రాజు ప్రాణం పోతున్నా వాళ్ల బెంగంతా పరువు గురించే.

రాజు ప్రాణం నిజంగానే పోతోంది. ఒకప్పుడు ఆస్థానం నుంచే గెంటించుకున్న లవణాక్షుడనే మాంత్రికుడు నిండు కొలువులో ప్రత్యక్షమై, ఆమె తండ్రి తోయవర్మ మహారాజు పాదాల మీద గుప్పెడు ఉప్పు చల్లి మంత్రం చదివాడు. ఆ ఉప్పు రాయిలా బిగిసి, సింహాసనంతో సహా ఆయన్ను పట్టేసి, రోజురోజుకూ పైకి పాకుతోంది. శంపావతి బయల్దేరేనాటికి నడుం దాకా వచ్చింది. గొంతు దాటిందంటే ఇక ఊపిరి లేదు. ఏటి నీళ్లు బిందెలకొద్దీ గుమ్మరించారు. ఉప్పు మరింత గట్టిపడింది. బంధం వేసినవాడు విడుపు కూడా నిజంగా చెప్పితీరాలన్నది మాంత్రికుల కట్టుబాటు. అందుకని లవణాక్షుడు పోతూపోతూ, "నా ఎడారిలోని మంచినీళ్లు తప్ప దీన్ని మరేవీ కరిగించలేవు!" అని చెప్పి, పగలబడి నవ్వి మాయమయ్యాడు.

ఎడారిలో మంచినీళ్లెక్కడివని పండితులు బుర్రలు గోక్కుంటూ ఉండగా, ఊరిమీదికి వచ్చిన గోసాయి ఒకడు ఆ చిక్కు విప్పాడు. ఊషరారణ్యంలో ఏకశృంగి అనే ఒంటికొమ్ము జింక ఉందనీ, ఎవరికీ తెలియని తియ్యటి ఊటలో అది నీళ్లు తాగుతుందనీ, దాని వెంటపడితే చాలనీ చెప్పాడు. ఏటి ఒడ్డున పుట్టిన పసివాడికి కూడా తెలిసిన సంగతే కదా, జింక జాడ పట్టుకుంటే నీటిరేవుకు చేరతామని! సభంతా చప్పట్లు కొట్టింది. ఒక దండు వెళ్లింది, తిరిగి రాలేదు. ఇంకొకటి వెళ్లింది, అదీ అంతే. ఇప్పుడు వచ్చింది మూడోది. ఆ మూడో దండులోనేమో భటులంతా తెల్లవారేసరికి ఒంటెలతో, నీళ్లతిత్తులతో సహా ఉడాయించారు. మిగిలింది ముగ్గురు మనుషులు, ఒక్క తిత్తి.

"ఓయీ శంపన్నా!" దిబ్బ కిందినుంచి ఒక గొంతు ఖంగున మోగింది. అది ఈ దండుకు నాయకుడైన దుందుభిశర్మది. జంతువుల గురించి ఆయనకు తెలిసినంత జంతువులకు కూడా తెలియదని ఆస్థానంలో ప్రతీతి. "నేను చెప్పినది జ్ఞాపకమున్నదా? బంగారు మేను, రత్నాల వంటి కనులు, నుదుట ఒకే ఒక్క కొమ్ము! ఒక కొమ్మున్నదే ఏకశృంగి. రెండున్నది ఏకశృంగి కానేరదు!"

"స్వామివారికి లెక్కలు కూడా వచ్చునన్నమాట," అంది శంపావతి మీసం సర్దుకుంటూ.

పక్కనే చతికిలబడ్డ ముసలి భటుడు కాటమల్లు కిసుక్కున నవ్వాడు. ఆమెకు చిన్ననాడు కత్తి పట్టడం నేర్పింది అతడే. ఆ మీసం వెనకున్నదెవరో తెలిసినవాడు కూడా అతడొక్కడే. "అమ్మాయిగారూ," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ అయ్యోరు మాట్టాడేటప్పుడు పడే తుంపర్లన్నీ ముంతలో పట్టుకుంటే మనకి రెండు పూట్లకి తాగునీళ్లొస్తాయండి."

 శంపావతి చూపు ఎదుటి లోయలో ఆగిపోయింది. ఎండిన గడ్డిదుబ్బుల నడుమ ఏవో జంతువులు కదులుతున్నాయి.  దిబ్బ మీద బోర్లా పడుకుని, పాక్కుంటూ ముందుకు పోయి తేరిపార చూసింది. చూసి మూతి విరిచింది.

అవి జింకలే అయితే జింకజాతికే తలవంపులు! మురికిపట్టిన సున్నపు గోడలాంటి తెలుపు. మెడ నుంచి రొమ్ము దాకా తుప్పు మరక. కాటుక పెట్టుకుని ఏడ్చినట్టు కళ్ల దగ్గరనుంచి ముక్కు దాకా కారిన గోధుమరంగు చారలు. పొట్ట పీపా, తోక చీపురు. గిట్టలైతే రొట్టెల పెనాల్లా వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి. అడుగు తీసి అడుగు వేస్తుంటే ఎవరివో పెద్ద చెప్పులు తొడుక్కొచ్చిన ముసలమ్మల్లా ఉంది నడక. నెత్తిన మాత్రం కణుపులు కణుపులుగా రెండు పొడుగాటి కొమ్ములు, కొడవళ్లలా వెనక్కి వంగి, వీపును గోక్కోవడానికే పుట్టినట్టున్నాయి. గుంపంతా గాలికి ఎదురుగా మూతులు పెట్టి, తెల్లారకముందే మొదలెట్టిన పనిలా, ఎండుగడ్డి పోచలను ఒక్కొక్కటే నాకుతోంది.

"గాడిదలకు కొమ్ములు మొలిస్తే ఇలాగే ఉంటాయి," అంది శంపావతి. "ఆ ఎండుగడ్డిలో ఏం రుచి ఉందో! వీటి మొహాలకు వేరే చెప్పాలా?" ఆమెకు ఎవరినీ మెచ్చుకోవడం పుట్టుకతో రాలేదు. చేతికి తగిలిన గడ్డిదుబ్బు చల్లగా, తడితడిగా ఉన్న సంగతి కూడా ఆ విసుగులో ఆమె పట్టించుకోలేదు.

రొప్పుతూ దిబ్బ ఎక్కిన దుందుభిశర్మ ఒక్క చూపు చూసి ముక్కు మూసుకున్నాడు. "ఛీ ఛీ! ఇవి ఎడారి మేకలు. రెండేసి కొమ్ములు కనబడుట లేదా? ఏ శాస్త్రములోనూ వీటికి చోటు లేదు!"

శాస్త్రంలో చోటు లేని జంతువులు తల కూడా ఎత్తకుండా గడ్డి నాకుతూనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఎదుటి దిబ్బ కొన మీద ఒక మెరుపు మెరిసింది. ముగ్గురూ నోళ్లు వెళ్లబెట్టారు. నిగనిగలాడే బంగారు మేను. పట్టుకుచ్చులాంటి తోక. సన్నటి కాళ్లు, వాటి చివర ముత్యాల్లాంటి బుల్లి గిట్టలు. కనుబొమల నడుమ నిట్టనిలువునా ఒకే ఒక్క కొమ్ము! తరంగిణీపురం రాజసౌధపు గోడ మీద తరతరాలుగా మెరుస్తున్న బొమ్మే ప్రాణం పోసుకుని నిలబడ్డట్టుంది. అది మెడ వయ్యారంగా తిప్పి, వాళ్లవైపు ఒక్క చూపు విసిరి, ఉత్తరానికి దూకింది.

"ఏకశృంగి!" దుందుభిశర్మ కేకకు దిబ్బలన్నీ మోగాయి. "పట్టుకొనుడు! అదే ఊట! అదే అమృతము!"

ఇక పరుగే పరుగు. ఇసుకలో మోకాళ్ల దాకా కూరుకుపోతూ, లేస్తూ, దొర్లుతూ ముగ్గురూ దాని వెనక పడ్డారు. అది ఆగినట్టే ఆగేది. చేతికి అందినట్టే అందేది. మళ్లీ చెంగున ఎగిరి అంత దూరాన తేలేది. ఇసుకదిబ్బలు పోయి ఉప్పుబయలు వచ్చింది. అద్దంలా తళతళలాడే ఆ తెల్లటి నేల మీద బంగారు జింక చిందులేస్తూ సాగిపోయింది. దుందుభిశర్మ ఉత్తరీయం నడుముకు బిగించి, అందరికంటే ముందు దూకాడు. మరుక్షణం ఫెళ్లుమని నేల పగిలింది. ఉప్పుపెచ్చు కింద నల్లటి బురద గుడగుడలాడుతోంది. శాస్త్ర పారంగతుడు రొమ్ము దాకా దిగబడిపోయాడు.

"కదలకండి!" శంపావతి బోర్లా పడుకుని, నడుముకున్న తాడు విసిరింది. కాటమల్లు ఆమె కాళ్లు పట్టుకుని వెనక్కి లాగాడు. బురద చప్పరించి చప్పరించి, చివరికి రుచి నచ్చనట్టు ఆయన్ను వదిలిపెట్టింది.

ఊపిరి పీల్చుకునేలోగా ఉప్పుబయలు మీద సుడిగాలి లేచింది. మామూలు సుడిగాలి కాదది. తెల్లటి స్తంభంలా పైకి లేచి, వందలాది వేళ్లతో తడుముకుంటూ వాళ్లమీదికి వచ్చింది. తాకిన చోటల్లా చర్మం కత్తిగాట్లు పడ్డట్టు మండింది. ముగ్గురూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని, కళ్లు మూసుకుని పరిగెత్తారు. ఎటో తెలియదు. ఏదో కాలికి తగిలి, ముగ్గురూ ఒకేసారి బొక్కబోర్లా పడ్డారు. సుడిగాలి వాళ్ల మీదుగా దాటిపోయింది.

శంపావతి కళ్లు తెరిచింది. తన చెయ్యి ఒక పుర్రె మీద ఉంది.

చుట్టూ ఎముకలు. తరంగిణీపురం గుర్తున్న డాళ్లు, చిరుగుల పతాకలు, నోళ్లు తెరుచుకుని పడివున్న ఖాళీ నీళ్లతిత్తులు. ముందు వెళ్లిన రెండు దండులూ ఇక్కడే ఉన్నాయి. ఉప్పుబురద ఆరిన చోట పాత అడుగుజాడలు ఎండి బిగిసిపోయాయి. ముందు బుల్లి గిట్టల జాడ, వెనక మనుషుల జాడ. ఆ రెండూ పెద్ద వలయంలా తిరిగి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి కలుసుకున్నాయి.

కాటమల్లు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "మనోళ్లేనండి," అన్నాడు నెమ్మదిగా. "గానుగెద్దుల్లా తిప్పి తిప్పి చంపిందండి, ఆ ముండమోపి జింక."

"అపచారము! ఏకశృంగిని నిందింపరాదు!" అన్నాడు దుందుభిశర్మ, బురద కారుతున్న గడ్డం పిండుకుంటూ.

శంపావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గడ్డం పట్టుకుని మళ్లీ బురదలోకే తోసేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ ఎండ అప్పటికే నడినెత్తిన కూర్చుంది. అరవడానికి గొంతులో తడి లేదు. కాళ్లీడ్చుకుంటూ దగ్గర్లోని ఇసుకదిబ్బ నీడకు చేరారు. అక్కడ నీడ అరచెయ్యి వెడల్పున ఉంది. ఆ కాస్త నీడనూ అంతకుముందే ఎవరో ఆక్రమించుకున్నారు. పొద్దుటి గాడిదలు!

అవి ఉప్పుబయలు మీద అడుగైనా పెట్టకుండా, తమ పెనం గిట్టలతో ఇసుక మీదుగా నింపాదిగా చుట్టుతిరిగి వచ్చినట్టున్నాయి. మనుషులను చూసి నాలుగడుగులు పక్కకు జరిగాయి తప్ప పరిగెత్తలేదు. పరుగంటే వాటికి మహా బద్ధకంలా ఉంది. ఒక ముసలి పోతు ముందుకాళ్లతో దిబ్బ అంచున ఇసుక తవ్వడం మొదలెట్టింది. పైపైన కాలుతున్న ఇసుక తీసేసి, లోపలి చల్లటి ఇసుక తేలేదాకా తవ్వి, ఆ గుంటలో ముడుచుకుని పడుకుంది. మిగతావీ అంతే. ఒకటి అటు, ఒకటి ఇటు, నలుదిక్కులా మొహాలు పెట్టి పడుకున్నాయి. రొప్పు లేదు, నాలుక వేలాడెయ్యడం లేదు. నెమరు వేసుకుంటూ, మనుషులకేసి చూసి కళ్లు చికిలించాయి. ఆ చూపులో ఇంత ఎగతాళి ఉందని శంపావతికి అనిపించింది.

"మనల్ని చూసి నవ్వుకుంటున్నాయి," అంది పళ్లు నూరుతూ.

అయినా ఎండ ముందు ఎవరి పొగరూ ఎంతోసేపు నిలవదు. అవి ఎప్పుడో తవ్వి వదిలేసిన ఒక పాతగుంటను చేత్తో మరికాస్త తవ్వి ఆమె అందులో దిగింది. వీపుకు చల్లగా తగిలింది. ప్రాణం లేచొచ్చింది. "కాటమల్లూ, తవ్వుకుని పడుకో. స్వామీ, మీరూనూ."

"మేకలు పడుకున్న గుంటలోనా!" అని దుందుభిశర్మ ఎండలోనే నిలబడ్డాడు. కాసేపటికి కళ్లు తిరిగి, మేకలు పడుకున్న గుంటలోనే పడ్డాడు.

కాటమల్లు తిత్తి మూతి విప్పి ఆయన మొహం మీద చుక్క చిలకరించాడు. నీళ్ల చప్పుడు ఆ నిశ్శబ్దంలో స్పష్టంగా వినబడింది. పక్కనే పడుకున్న తెల్లజింకల్లో ఒక్కటి కూడా చెవి కదపలేదు. నీళ్లంటే ఏమిటో, దాంతో తమకేం పనో తెలియనట్టు నెమరు వేస్తూనే ఉన్నాయి. కానీ పైన, దిబ్బ కొన మీద, ఒక బంగారు తల చటుక్కున పైకి లేచింది.

శంపావతి గుంటలోంచి కదలకుండా చూసింది. ఏకశృంగి నిప్పులు చెరిగే ఎండలో నిలబడే ఉంది. నీడ ఎక్కడుందో దానికి తెలియదు. గుంట తవ్వుకోవడం తెలియదు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాలుక జానెడు బయటికి వేలాడుతోంది. రత్నాల్లాంటి కళ్లు తిత్తికే అతుక్కుపోయాయి. చొంగ కూడా కారుతోంది.

ఎడారిలో పుట్టిన జంతువుకు ఎడారి ఎండ ఇంత కొత్తా?

ఆమె చూపు మళ్లీ ముసలి పోతు మీదికి తిరిగింది. అది అప్పుడే లేచి, ఒళ్లు విరుచుకుని, సరిగ్గా పక్కవాటుగా నిలబడింది. దగ్గరి కొమ్ము వెనక దూరపు కొమ్ము దాక్కుంది. రెండూ కలిసి ఒకటే కొమ్మయింది!

శంపావతికి రాజసౌధపు గోడ కళ్లముందు మెదిలింది. తరంగిణీపురం చిత్రకారులు ఏ జంతువునూ ఎదురుగా గీయరు. ఎదురుగా గీస్తే రెండు కళ్లూ కలిసి, బొమ్మ ప్రాణం పోసుకుని, ఇంటి లక్ష్మిని వీపున ఎక్కించుకుని వెళ్లిపోతుందని వాళ్ల నమ్మకం. ఏనుగైనా ఎలుకైనా పక్కవాటుగానే గీయాలి. ఎన్ని తరాల కిందటో ఏ చిత్రకారుడో ఈ తెల్లటి జంతువును ఆచారం ప్రకారం పక్కనుంచి గీశాడు. ఒక కొమ్ము వెనక రెండోది మరుగున పడింది. తరవాతివాడు రంగు చాలలేదని బంగారం పూశాడు. ఆ తరవాతివాడికి గిట్టలు మోటుగా కనిపించి చిన్నవి చేశాడు. పండితులొచ్చి ఆ గోడను చూసి శాస్త్రం రాశారు. ఒక్కడంటే ఒక్కడు ఎడారికి వచ్చి జంతువును చూసిన పాపాన పోలేదు.

అలాంటి జంతువు లోకంలో లేదు. మరి ఆ దిబ్బ మీద ఉన్నదేమిటి? ఆ గోడ బొమ్మను చూసి రూపం మార్చుకున్నవాడెవడు? ఒకప్పుడు అదే ఆస్థానంలో చదువు వెలగబెట్టి, దొంగతనంగా క్షుద్రవిద్యలు నేర్చుకుంటూ పట్టుబడి, మెడబట్టి గెంటించుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు.

శంపావతికి నవ్వాగలేదు. పగిలిన పెదవుల్లోంచి నెత్తురు చిమ్ముతున్నా నవ్వింది. ఎంత మాంత్రికుడైతేనేం, వాడూ ఆ బడిలో చదివినవాడే కదా!

ఆమె లేచి, దగ్గర్లోనే పడివున్న ఎముకల మధ్యనుంచి ఒక ఇనుప శిరస్త్రాణం తీసి, ఇసుక దులిపి నేలమీద వెల్లకిలా పెట్టింది. "కాటమల్లూ, తిత్తి ఇటివ్వు."

"ఉన్నది ఒక్కటే గదమ్మా..."

"ఇవ్వు."

ఆమె తిత్తిని శిరస్త్రాణం మీదికి వంచింది. బుడబుడమని నీళ్లన్నీ దాంట్లోకి దిగాయి. స్పృహలోకి వస్తున్న దుందుభిశర్మ ఆ దృశ్యం చూసి లబలబలాడాడు. "ఓరీ భటాధమా! మతి చలించినదా? నాయకుడిని నేను! నా ఆజ్ఞ!"

శంపావతి మీసం పీకి ఆయన ఒళ్లోకి విసిరింది. "తోయవర్మ కూతుర్ని నేను. నోరు మూసుకుని కూర్చోండి."

దుందుభిశర్మ నోరు మూసుకున్నాడు. ఆయన జన్మలో అది మొదటిసారి.

ఆమె తాడుకు ఉచ్చు ముడివేసి, గుంటలో నక్కింది. గాలి ఆగింది. శిరస్త్రాణంలో నీళ్లు ఎండకు తళుక్కుమంటున్నాయి. అవి ఆవిరైపోతే ముగ్గురూ ఈ ఎముకల పక్కనే ఎముకలవుతారు, అక్కడ నాన్నకు ఉప్పు గొంతుదాకా వస్తుంది. భయంతో ఆమె అరచేతులు చెమర్చాయి. ఆ చెమట చూసి కూడా ఏకశృంగి గుటకలు మింగుతుందేమో అనిపించింది.

అది ఒక అడుగు వేసింది. ఆగింది. గొప్పగా మెడ తిప్పి, తనకేం పట్టనట్టు అటు చూసింది. ఇంకో అడుగు. వయ్యారం మాయమైంది. ఇక ఆగలేక, దిబ్బ మీదినుంచి జారుతూ, దొర్లుతూ వచ్చి శిరస్త్రాణంలో మూతి దూర్చింది. జుర్రున ఒక్క గుక్క లాగిందో లేదో, ఉచ్చు కొమ్ముకు బిగిసింది.

తర్వాత జరిగిన పెనుగులాటను వర్ణించడానికి ఆస్థానకవులు లేకపోవడం వాళ్ల అదృష్టం. బంగారు జింక పచ్చిబూతులు తిట్టింది. తల కిందికి వంచి కొమ్మును నేలకు తాకించాలని మహా తాపత్రయపడింది. కొమ్ము నేల తాకితేనే వాడి మంత్రం పారుతుందని శంపావతికి తెలిసిపోయింది. తాడు పైకి లాగిపట్టి, "మెడ మీద కూర్చో!" అని అరిచింది. కాటమల్లు తన బరువంతా వేసి కూర్చున్నాడు.

"లవణాక్షా! నీళ్లు తాగే జింకను ఈ ఎడారిలో నిన్నే చూశాను," అంది శంపావతి. "ఊట ఎక్కడుందో చెప్పు."

జింక మొహంలో మనిషి నవ్వు పుట్టింది. "ఊటా? ఎక్కడి ఊట? ఆ గోసాయిని నేనే, పిచ్చిదానా! మీ ఊళ్లో జింక వెనకాల పడితే నీళ్లొస్తాయనుకుంటారు గదా, అదే చాలింది నాకు. ఈ నేలమీది ప్రతి చుక్కా ఉప్పే. తవ్వుకో ఎంత తవ్వుకుంటావో! నీ అయ్యకి ఈపాటికి ఉప్పు భుజాలెక్కి ఉంటుంది."

శంపావతికి తమ ఏరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న తనను వీపున ఎక్కించుకుని ఏరు ఈదేవాడు. ఆ వీపు ఇప్పుడు ఉప్పురాయిలో ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడి ముందు ఏడ్వకూడదని పెదవి కొరుక్కుంది. కాటమల్లు తల దించుకున్నాడు. ఖాళీ తిత్తి ఇసుకలో పడి ఉంది.

అంతలో ముసలి పోతు తల ఎత్తింది.

గుంపంతా ఒక్కసారే గుంటల్లోంచి లేచింది. అన్నీ ఒకే దిక్కుకు, నైరుతికి తిరిగాయి. ముక్కుపుటాలు విప్పార్చి గాలిని పీల్చాయి. ఆకాశంలో అరచేతి మబ్బైనా లేదు. మనుషుల ముక్కుకు వేడి ఇసుక వాసన తప్ప ఏమీ తెలియడం లేదు. కానీ ఆ బద్ధకపు జంతువులు, సుడిగాలికి కూడా పరిగెత్తనివి, పెనం గిట్టలతో ఇసుక ఎగజిమ్ముతూ కదిలాయి. నడక దుడుకైంది. దుడుకు పరుగైంది.

లవణాక్షుడి నవ్వు సగంలో ఆగింది. వాడి బంగారు చర్మం గజగజ వణికింది.

శంపావతి వాడి వణుకును చూసింది. తెల్లజింకలను చూసింది. పొద్దున చేతికి చల్లగా తగిలిన తడిగడ్డి అప్పుడు గుర్తొచ్చింది. మంచుకు తడిసిన పోచలతో బతికే వీటికి ఊట దేనికి? వాన కురిసి కొత్తగడ్డి మొలిచే చోటు కావాలి. "నేలమీది ప్రతి చుక్కా అన్నావు గదూ?" అంది నెమ్మదిగా. "పైనుంచి పడేది మంచినీళ్లే కదూ? ఇంకా నేల తాకకముందు?"

"లేదు! అబద్ధం! అవి ఉత్త మేకలు!" అని లవణాక్షుడు గావుకేక పెట్టి, ప్రాణభయంతో ఒక్క గుంజు గుంజాడు. కాటమల్లు ఎగిరి అవతల పడ్డాడు. కొమ్ము నేలకు తాకింది.

బంగారు జింక మాయమైంది. దాని చోట పీలగా, పొట్టిగా ఒక మనిషి లేచి నిలబడ్డాడు. తాడు బిగిసిన కొమ్ము మాత్రం వాడి నుదుటనే మిగిలిపోయింది. వాడు చేతులెత్తి ఏదో అరిచాడు. ఉప్పుబయలు పొడుగునా నేల ఫెళఫెళా పగిలింది. పగుళ్లలోంచి తెల్లటి చేతులు, తెల్లటి తలలు, తెల్లటి కత్తులు పైకి లేచాయి. పరుగెడుతున్న గుంపుకూ ఈ ముగ్గురికీ నడుమ ఉప్పుభటుల వరుస గోడలా మూసుకుపోసాగింది. ఒక మూల మాత్రం ఇంకా ఇరుకు సందు మిగిలింది.

శంపావతి ఖాళీ తిత్తి తీసి దుందుభిశర్మ మెడలో తగిలించింది. "వాన పడేచోట దీని నోరు పైకి పట్టండి. నిండాక నేరుగా ఏటివైపు పరిగెత్తండి. నా కోసం ఆగకండి."

 మొట్టమొదటిసారి దుందుభిశర్మ గొంతు చిన్నదైంది. "అమ్మా, ఏ జంతువు వెంట పోవలెనో నాకు..."

"రెండు కొమ్ములున్నవాటి వెంట, స్వామీ. లెక్క తప్పకండి!"

ఆయన పంచె ఎగ్గట్టి, ఇరుకు సందులోంచి దూసుకుపోయి, శాస్త్రంలో చోటు లేని జంతువుల వెనక పడి పరిగెత్తాడు. ఆయన వెనకే సందు మూసుకుపోయింది. కాటమల్లు లేచి వచ్చి రాజకుమారి వీపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా ఎన్ని వందలున్నారో తెలియని తెల్లటి మొహాలు, ఒక్కదానికీ కళ్లు లేవు. నైరుతి నుంచి సన్నటి చల్లగాలి వచ్చి, ముందు వరుస భటుడి భుజం మీదినుంచి చిటికెడు ఉప్పును పొడిలా రాల్చింది.

శంపావతి కత్తి దూసింది.

"రండిరా," అంది. "మీరు కరిగేదాకా కొట్లాడే ఓపిక నాకుంది."